క్రైస్తవ నవలలు రాసేవాళ్లు తమ వాక్యధ్యానం గురించి నాన్‌ఫిక్షన్ రాయగలరా?

రాయగలరు. ఇన్నేళ్లూ నవలలే రాసిన చెయ్యి సొంత వాక్యధ్యానాన్ని ఉన్నదున్నట్టు రాయగలదా, వేదాంత చదువు లేకుండా అందుకు పూనుకోవచ్చా అని అడిగారు. నేనూ నవలల నుంచే ఇటు వచ్చినదాన్ని. వేదాంత కళాశాలలో చదవలేదు. నా ధ్యానం మీద రాసిన పుస్తకం ఇప్పుడు పాఠకుల చేతుల్లో ఉంది. అది రాసేటప్పుడు ఏమేం ఎదురయ్యాయో, నాకు నేను ఏ కట్టుబాట్లు పెట్టుకున్నానో చెబుతాను.

అర్హత గురించి ఎక్కువ మథనపడకండి. ఆంగ్ల రచయిత సి.ఎస్. లూయిస్ పిల్లల కోసం రాసిన నార్నియా కథలు ఏడూ వచ్చేశాక, 1958లో కీర్తనల మీద ఒక పుస్తకం తెచ్చారు. తాను హెబ్రీ పండితుణ్ణి కాననీ, తనలాగే ఆ చదువు లేనివాళ్ల కోసం రాస్తున్నాననీ అందులో మొదట్లోనే చెప్పేశారు. అలా చెప్పాక ఆ హద్దు దాటకుండా రాస్తే చాలు, పాఠకులు నమ్మి వెంట వస్తారు. బెరయ అనే ఊళ్లోని యూదుల సంగతి మీకు తెలిసిందే. పౌలు అంతటివాడు చెప్పిన మాటల్ని కూడా వాళ్లు రోజూ లేఖనాల్లో వెతికి సరిచూసుకున్నారు. అపొస్తలుల కార్యముల్లో లూకా అందుకు వాళ్లను మెచ్చుకున్నాడే గాని, మీకెందుకీ పని అనలేదు. చదివి సరిచూసుకునే హక్కు విశ్వాసులందరిదీ. మీరు రాయబోయేది వ్యాఖ్యానం కాదు, ఒక పాఠకురాలి సాక్ష్యం. ఆ మాట ముందుమాటలో స్పష్టంగా చెప్పండి.

ఇక మీ దగ్గరున్న అసలు పెట్టుబడి మీ చూపు. కథలు రాసేవాళ్లం వస్తువుల్ని చూస్తాం, చేతులు ఏం చేస్తున్నాయో చూస్తాం, అందరూ మాట్లాడుతున్నప్పుడు మాట్లాడనిది ఎవరో చూస్తాం. సముద్రం మీద తుపాను సంగతి మత్తయి, మార్కు, లూకా ముగ్గురూ చెప్పారు. యేసు తల కింద తలగడ ఉందని చెప్పింది మార్కు ఒక్కడే. ఐదు వేలమందికి ఆహారం పెట్టిన సంఘటన నాలుగు సువార్తల్లోనూ ఉంది. ఆ రొట్టెలు యవల రొట్టెలని చెప్పింది యోహాను మాత్రమే. గుడ్డివాడైన బర్తిమయి లేచి వస్తూ పైబట్ట పారేశాడన్నదీ మార్కులోనే ఉంది. దారి పక్కన కూర్చుని అడుక్కునేవాడికి ఆ బట్ట ఎంత ఆస్తో ఆలోచించండి! ఎన్నో ఏళ్లుగా బైబిలు చదివేవాళ్లు కూడా ఇలాంటివి దాటి వెళ్లిపోతుంటారు. వాటి దగ్గర పాఠకుణ్ణి ఆపడం మీకు చేతనవును. ఆ పని మనస్ఫూర్తిగా చేయండి.

అయితే ఆ చూపుతోపాటు మనకు ఇంకో అలవాటు కూడా ఉంది. ఖాళీ కనబడితే పూరించకుండా ఉండలేం. నవలలో మన పనే అది. ఈ పుస్తకంలో మాత్రం నన్ను అన్నిటికంటే ఎక్కువగా పరీక్షించింది అదే. మీకు చెప్పదలచుకున్న ముఖ్యమైన మాటా అదే: లేఖనం మౌనంగా ఉన్నచోట మీరూ ఆగండి. ఆగి, చుట్టూ వెతకండి.

రూతు గ్రంథమే తీసుకోండి. మొత్తం 4 అధ్యాయాలు, 85 వచనాలు. నయోమి భర్తనూ ఇద్దరు కొడుకులనూ మోయాబులో పోగొట్టుకుని బేత్లెహేముకు తిరిగి వస్తుంది. ఊరి స్త్రీలు గుంపుగా వచ్చి ఈమె నయోమేనా అంటారు. నేను నిండుగా వెళ్లాను, దేవుడు నన్ను వట్టిదాన్ని చేసి తీసుకొచ్చాడు అంటుందామె. అదంతా అంటున్నప్పుడు పక్కన రూతు ఉంది. నీ జనమే నా జనం, నీ దేవుడే నా దేవుడని తన ఊరూ తనవాళ్లూ అందరినీ వదులుకుని వచ్చిన కోడలు. అత్తగారు తనను లెక్కలోకే తీసుకోకుండా నాకేమీ మిగల్లేదంటుంటే ఆ పిల్లకు ఎలా అనిపించింది? వచనం ఒక్క ముక్క చెప్పదు. యవల కోత మొదలయ్యే వేళకు వాళ్లిద్దరూ బేత్లెహేముకు వచ్చారని చెప్పి అధ్యాయం ముగిసిపోతుంది.

నవలైతే ఇక్కడ రూతు మనసులోకి వెళ్లి రెండు పేజీలు రాసేదాన్ని. ధ్యానం గురించిన పుస్తకం కాబట్టి చెయ్యి బిగబట్టుకుని ముందుకు చదివాను. రెండో అధ్యాయం మొదట్లోనే రూతు, పరిగె ఏరుకోవడానికి పొలానికి వెళ్తానని అత్తను అనుమతి అడుగుతుంది. అప్పటినుంచి ఆమె పనిచేస్తూనే ఉంటుంది. చివరి అధ్యాయంలో అదే ఊరి స్త్రీలు నయోమితో, నిన్ను ప్రేమించే ఈ కోడలు ఏడుగురు కుమారులకంటే మేలైనది అంటారు. మొదటి అధ్యాయంలో నాకు కనిపించిన ఖాళీకి జవాబు ఆ గ్రంథంలోనే, మూడు అధ్యాయాల అవతల ఉంది. మొదటే నా ఊహతో దాన్ని నింపేసి ఉంటే ఆ జవాబు కోసం వెతికేదాన్నే కాదు. ఊహించడం పాపమని నేననడం లేదు. ఊహించండి, కానీ వచనం ఎక్కడ ఆగిందో, మీ ఊహ ఎక్కడ మొదలైందో పాఠకుడికి స్పష్టంగా కనబడాలి. నేనైతే అలాంటి ప్రతిచోటా "వచనం ఇంతవరకే చెబుతుంది" అని రాసి, తర్వాతి పేరాలోనే నా ఆలోచన మొదలుపెట్టాను.

ఈ భాగం నా మనసుకు తగలడానికి మా ఇంట్లో జరిగిన ఒక సంగతి కారణం. మామయ్యగారు పోయాక అత్తయ్య మాతోనే ఉంటున్నారు. పలకరించడానికి వచ్చినవాళ్లతో ఒకసారి "నాకింక ఎవరున్నారు" అన్నారు. నేను ఆ గదిలోనే ఉన్నాను. ఆ తర్వాత రూతు గ్రంథం తెరిస్తే ఆ వచనం నన్ను వదల్లేదు. ఇది పుస్తకంలో లేకపోతే నా చదువు గురించి నేను చెప్పేది సగమే. ఉంటే మాత్రం, అత్తయ్య నేను కల్పించిన పాత్ర కాదు కదా, బతికున్న మనిషి, నేను గౌరవించే మనిషి. అందుకే ఆ అధ్యాయం ముందుగా ఆవిడకే చదివి వినిపించాను. అంతా విని, "రాసుకో అమ్మా. మామయ్య ఆఖరి రోజుల ముచ్చట మాత్రం తీసెయ్" అన్నారు. ఆ అధ్యాయంలో నాకు బాగా నచ్చిన పేరా అదే. అయినా తీసేశాను. మీ ధ్యానంలోకి ఇంట్లోవాళ్లు తప్పకుండా వస్తారు. పేర్లు మార్చినా చుట్టాలు గుర్తుపడతారు. ప్రచురణకర్తకు పంపకముందే వాళ్లకు చదివి వినిపించండి, వద్దన్నది తీసేయండి.

ఇంకో అలవాటు ముగింపులది. నవలలో ప్రతి అధ్యాయం ఎక్కడికో చేరాలి. అదే చెయ్యి ధ్యానం గురించి రాసేటప్పుడు ప్రతి ఉదయాన్నీ ఒక కన్నీటి ప్రార్థనతోనో వెలుగుతోనో ముగించాలని చూస్తుంది. నిజంగా చదివేవాళ్లకు తెలుసు, ఏమీ అనిపించని ఉదయాలు ఎన్నో ఉంటాయి. 88వ కీర్తన చూడండి. విలాప కీర్తనల్లో చాలావాటికి చివర్లో ఎక్కడో స్తుతి వైపు ఒక మలుపు ఉంటుంది, దీనికి లేదు. మొరతో మొదలై చీకటి మాటతో ఆగిపోతుంది. దాన్ని అలాగే గ్రంథంలో ఉంచారు, తరతరాలుగా అలాగే చదువుతున్నారు. దాని మీద రాసిన అధ్యాయాన్ని నేనూ అలాగే, ఓదార్పు వాక్యం జతచేయకుండా వదిలాను. ఆ అధ్యాయం గురించి వచ్చినన్ని ఉత్తరాలు పుస్తకంలో మరి దేని గురించీ రాలేదు. ఎక్కువగా మంచాన పడ్డవాళ్లను చూసుకుంటున్నవాళ్లు రాశారు.

చదివే పద్ధతి విషయానికొస్తే, ధ్యానానికి ఒక నోట్‌బుక్, పుస్తకానికి వేరే నోట్‌బుక్ పెట్టుకోండి. దీన్ని చిన్న విషయం అనుకోకండి. ఇది ఏ అధ్యాయానికి పనికొస్తుందా అని వెతుకుతూ బైబిలు చదవడం మొదలైతే ప్రార్థన ఎండిపోతుంది, ఆ తర్వాత పుస్తకమూ ఎండిపోతుంది. మొదటి నోట్‌బుక్‌లో దేవుని ఎదుట నేను రాసుకున్నది ఉంటుంది. కొన్ని వారాలు గడిచాక, ఎవరికైనా ఉపయోగపడుతుందనిపించినది మాత్రమే రెండోదానిలోకి వెళ్తుంది. చాలావరకు వెళ్లదు, వెళ్లనక్కరలేదు.

ఒక గ్రంథాన్ని ముందు మొత్తంగా చదవండి. అధ్యాయాల విభజన 13వ శతాబ్దంలో ఇంగ్లండ్ ఆర్చిబిషప్ స్టీఫెన్ లాంగ్టన్ కాలంనాటిది. కొత్త నిబంధనకు ఇప్పుడు మనం వాడే వచనాల అంకెలు ఫ్రెంచి ముద్రాపకుడు రాబర్ట్ ఎస్తియెన్ 1551లో వేసినవి. రాసినవాళ్లు అవేవీ పెట్టలేదు. అందుకే అధ్యాయం మొదలైనచోటే విషయం మొదలైందనుకుంటే కొన్నిసార్లు నష్టపోతాం. బాధపడే దేవుని సేవకుడి గురించి యెషయా 53 అని మనం చెప్పుకునే భాగం నిజానికి 52వ అధ్యాయం 13వ వచనం దగ్గర మొదలవుతుంది. అక్కడినుంచి చదివితే, ఆ సేవకుడు హెచ్చింపబడతాడన్న మాట ముందే వస్తుంది. అది విన్న చెవితో మిగతాదంతా చదువుతాం.

అలాగే ఏ మాట ఎవరితో అన్నదో చూడకుండా మీ జీవితానికి అన్వయించుకోకండి. మీ గురించి నావి హాని తలపులు కావు, మేలు తలపులేనని దేవుడు చెప్పే యిర్మీయా 29:11 మనకు ఎంతో ఇష్టమైన వాగ్దానం, నాకూ ఇష్టమే. అది బబులోనుకు చెరపట్టబడిపోయినవాళ్లకు రాసిన లేఖలోది. వాళ్లు తిరిగి రావడం డెబ్బై సంవత్సరాల తర్వాతేనని దానికి ముందు వచనంలోనే ఉంది. ఆ లేఖ విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరిగి రావడాన్ని చూడలేరు. అయినా ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి అని వాళ్లతోనే దేవుడు అంటున్నాడు. ఇది తెలిశాక ఆ వాగ్దానం నాకు మరింత బరువైంది. నా ఉద్యోగానికో నా పిల్లల చదువుకో దాన్ని తేలిగ్గా అతికించలేకపోయాను. వ్యాఖ్యానాలు తప్పకుండా చూడండి, కానీ మీరు స్వయంగా చదివి రాసుకున్న తర్వాతే.

ప్రచురణ సంగతులు రెండు. నవలలో వచనాలు అరుదుగా వస్తాయి, ఇందులో పేజీకొకటి వస్తుంది. ఈ మధ్యకాలపు అనువాదాల్లో చాలావాటికి హక్కుదారులున్నారు. ఎన్ని వచనాలవరకు అడగకుండా వాడుకోవచ్చో, హక్కుల వాక్యం ఎలా వేయాలో ఆ బైబిలు మొదటి పేజీల్లోనే ఉంటుంది, ముందే చూసుకోండి. ఇక నాన్‌ఫిక్షన్‌కు పుస్తకం పూర్తయ్యేదాకా ఆగనక్కరలేదు. విషయ సంగ్రహం, అధ్యాయాల పట్టిక, రెండు మూడు నమూనా అధ్యాయాలు పంపితే పరిశీలించే ప్రచురణకర్తలు ఉన్నారు.

ఒక చిన్న గ్రంథంతో మొదలుపెట్టండి. పౌలు ఫిలేమోను అనే విశ్వాసికి రాసిన ఫిలేమోను పత్రిక 25 వచనాలే, అయినా మీలాంటివాళ్లకు అందులో కావలసినంత ఉంది. ఫిలేమోను దాసుడు ఒనేసిము ఎందుకు వెళ్లిపోయాడో పౌలు వివరంగా చెప్పడు, ఫిలేమోను ఏం జవాబిచ్చాడో మనకు దొరకదు. దాని మీద ఒక అధ్యాయం రాసి ఇద్దరికి ఇవ్వండి. వాళ్లలో ఒకరు మీ నవలలు చదవనివాళ్లు, ఇంకొకరు లేఖనాలు బాగా ఎరిగిన పాస్టరుగారో పెద్దలో అయితే మంచిది. బాగుందా అని అడక్కండి. పత్రికలో లేని మాట ఉన్నట్టుగా ఎక్కడ రాశానో గీత గీసి ఇమ్మనండి.