కొట్టివేతలు మాన్పించి కుప్పలు పెట్టించండి

ఐదో తరగతి చదివే మీ పాపకు 12/18ని కనిష్ఠ రూపంలో రాయడం గానీ, 24లో 2/3 వంతు ఎంతో చెప్పడం గానీ రావడం లేదనీ, ఈ రెండింటిలో ముందు ఏది నేర్పాలనీ అడిగారు. చాలా ఏళ్ళు ప్రాథమిక పాఠశాలలో లెక్కలు చెప్పాను కాబట్టి గట్టిగానే చెబుతున్నా: ముందు సంఖ్యలో వంతు, ఆ తర్వాతే సూక్ష్మీకరణ. దానికంటే ముందు ఇంకో పని ఉంది. "పైనా కిందా కొట్టేయ్" అనే మాట మీ ఇంట్లో ఈ రోజే మానేయండి.

మా క్లాసులో ఒక పిల్ల ఉండేది. ఎక్కాలు గడగడా చెప్పేది. 16/64 ఇస్తే 1/4 అని రాసింది. సరైన జవాబే. ఎలా చేశావమ్మా అంటే, "పైన ఆరు, కింద ఆరు కొట్టేశాను టీచర్" అంది. ట్యూషన్‌లో అలాగే చెప్పారట. 26/65 ఇచ్చాను. మళ్ళీ ఆరూ ఆరూ కొట్టేసి 2/5 అంది. అదీ సరైనదే! ఇక ఆ పిల్లకు తన పద్ధతి మీద ఎంత నమ్మకం కుదిరిందో చెప్పలేను. అప్పుడు 13/39 ఇచ్చాను. మూడూ మూడూ పోయి 1/9 వచ్చింది.

తప్పు అని చెప్పలేదు. బడి వెనకే చింతచెట్టు, గింజలకు కొదవ లేదు. 39 గింజలు లెక్కపెట్టించి, తొమ్మిది సమానమైన కుప్పలు పెట్టమన్నాను. నాలుగేసి పెట్టింది, మూడు మిగిలాయి. "మరి ఒక్కో కుప్పలో 13 రావాలి కదా?" అన్నాను. చాలాసేపు గింజల వైపే చూసింది. అన్నీ కలిపేసి ఈసారి 13 చొప్పున పెట్టమంటే మూడు కుప్పలు వచ్చాయి, ఒక్క గింజ కూడా మిగల్లేదు. "టీచర్, పదమూడంటే మూడు కుప్పల్లో ఒకటే కదా!" అని, నేను చెప్పకుండానే పలక మీద 1/9 చెరిపి 1/3 రాసింది. 64లో 16 చొప్పున నాలుగు కుప్పలు వస్తాయి కాబట్టే 1/4 సరిపోయిందని కూడా తర్వాత తనే చూసుకుంది.

39లో 1/3 కనుక్కోవడం, 13/39ని 1/3గా రాయడం ఒకే పని. ఒకటి ఇటు నుంచి, ఇంకొకటి అటు నుంచి. వీటిని వేర్వేరు పాఠాలుగా చెప్పడం వల్లే పిల్లలకు ఇంత టెన్షన్. గడియారం చూపించి 60 నిమిషాల్లో ముప్పావు ఎంతో అడగండి. 60ని నాలుగు భాగాలు చేస్తే భాగానికి 15, మూడు భాగాలకు 45. వెంటనే 45/60 ఇచ్చి తగ్గించమనండి. 5తో భాగిస్తే 9/12, 3తో భాగిస్తే 3/4. ఒకేసారి గ.సా.భా. (పైదాన్నీ కిందిదాన్నీ శేషం లేకుండా భాగించే అతి పెద్ద సంఖ్య) కనుక్కోమని ఈ వయసులో ఒత్తిడి చేయొద్దు. 2, 3, 5లతో ఒక్కో మెట్టు దిగినా ఐదో తరగతి లెక్కలు చాలావరకు తేలిపోతాయి.

పిజ్జా బొమ్మలు గీసి రంగులు వేయించే పద్ధతి అంటే నాకు మొదటి నుంచీ పడదు. ఒక గుండ్రంలో 3/4 చూపించిన పిల్ల, 20 పెన్సిళ్ళలో 3/4 అడిగితే తెల్లమొహం వేస్తుంది. మా పెద్దవాళ్ళకు ఈ బాధ లేదు. 1957లో నయాపైసలు వచ్చేదాకా రూపాయికి 16 అణాలు, అర్ధరూపాయికి ఎనిమిది, పావలాకు నాలుగు, బేడకు రెండు. 4/16 అంటే 1/4 అని వాళ్ళకు ఎవరూ బోర్డు మీద రాసి చూపించక్కర్లేకపోయింది. 2011లో పావలా బిళ్ళ కూడా చెలామణి నుంచి పోయింది. ఇప్పుడు పిల్లలకు చిల్లర పట్టుకునే అవకాశమే తక్కువ, అన్నీ ఫోన్‌లోనే. కనీసం కూరల కొట్టుకు వెంట తీసుకెళ్ళండి. పావుకిలో, ముప్పావుకిలో గ్రాముల్లో ఎంతో పాపనే చెప్పనివ్వండి.

మీ లెక్కలకు వస్తే, 24 గింజలు మూడు కుప్పలు చేయించండి, కుప్పకు ఎనిమిది. రెండు కుప్పలు కలిపితే 16. 12/18కి 18 గింజలను ఆరేసి పెట్టిస్తే మూడు కుప్పలు, అందులో 12 అంటే రెండు కుప్పలు. అదే 2/3. ఎక్కాలు 12 దాకా నోటికి వస్తే పిల్లలు గింజలు అడగడం వాళ్ళంతట వాళ్ళే మానేస్తారు. అప్పటిదాకా మీరు తీసేయకండి, పరీక్ష ముందు రోజైనా సరే.