సింగపూర్‌లో ఇల్లు కొనాలంటే జాతి కూడా చూస్తారా? అది మైనారిటీలకు మేలేనా?

చూస్తారండి. నేను ఒక ఫ్లాట్ కొని, తర్వాత అమ్మాను. రెండుసార్లూ ఆ లెక్కే అడ్డం పడింది.

ఇక్కడ 80% దాకా జనం ఉండేది హెచ్‌డీబీ ఫ్లాట్లలోనే, అంటే ప్రభుత్వం కట్టినవి. కాబట్టి ఎవరి పక్కన ఎవరుండాలో కూడా ప్రభుత్వం చేతిలోనే ఉంది. మైనారిటీల బాగోగులు చూడటం సర్కారు బాధ్యత అని రాజ్యాంగం 152వ అధికరణ చెబుతుంది. చైనీయులకూ మలయ్‌లకూ మధ్య జరిగిన 1964 అల్లర్ల భయం ఎటూ ఉంది. బెడోక్, తాంపినిస్ వైపు మలయ్ కుటుంబాలు మళ్లీ ఒకేచోట చేరుతున్నాయని 1989లో కోటా పెట్టారు: ఒక బ్లాకులో చైనీయులు 87% మించకూడదు, మలయ్‌లు 25%, ఇండియన్లూ ఇతరులూ కలిపి 13% (2010లో 15% చేశారు). మొత్తం పేటకు ఇంకాస్త తక్కువ. తెలుగు, తమిళం, పంజాబీ అని మనం ఎంత విడదీసుకున్నా అక్కడ అందరిదీ ఒకే గంప.

మేం మొదట సెంగ్‌కాంగ్‌లో ఒక ఫ్లాట్ చూశాం, మా ఆవిడ అప్పటికే వంటగదిలో మిక్సీ ఎక్కడ పెట్టాలో కూడా అనేసుకుంది, తీరా ఏజెంటు చూసి "ఈ బ్లాకులో ఇండియన్ కోటా నిండిపోయింది, ఓనరు చైనీస్, మీకు అమ్మలేడు" అన్నాడు. కోటా నిండిన చోట ఇండియన్ ఓనరు అమ్మితేనే ఇండియన్ కొనగలడు. ఇంకో బ్లాకులో మన వాళ్లు తక్కువ, అక్కడ మార్కెట్ రేటుకే కొన్నాం.

ఏడేళ్ల తర్వాత అమ్ముదామంటే ఈసారి చైనీస్ కోటా నిండి ఉంది! అంటే కొనేవాళ్లలో ఎక్కువమంది ఉన్న వర్గానికి మేం అమ్మకూడదు, పక్కింటి చైనీస్ ఆయన మాత్రం ఎవరికైనా అమ్ముకోవచ్చు. ఐదు నెలలు టెన్షన్ పడి చివరికి పక్కింటి రేటు కన్నా తగ్గించి ఇచ్చేశాం. రక్షణ మా జాతికి, నష్టం మా జేబుకి. ఇలా ఇరుక్కున్న కొందరి ఫ్లాట్లను తామే తిరిగి కొంటామని 2022లో ప్రభుత్వం ప్రకటించింది, అప్పటికి మాది అమ్మేసి చాలా రోజులైంది.

అయినా ఈ కోటా ఎత్తేయమంటారా అంటే నేను అననండి. మా పిల్లాడు మలయ్ ఆంటీ ఇంట్లో కూర్చుని హోంవర్క్ చేసుకున్నాడు, మనల్నందరినీ ఒకే మూలకు చేర్చుంటే అది జరిగేది కాదు. నష్టాన్ని మాత్రం అమ్మేవాడి నెత్తిన ఒక్కడి మీదే వేయడం ఏం న్యాయం?

మీరు కొనేట్టయితే ఇండియన్ కోటా ఒక్కటే చూడకండి, చైనీస్ కోటా ఎంత నిండిందో కూడా అడగండి. పీఆర్ (పర్మనెంట్ రెసిడెంట్, అంటే పౌరసత్వం లేని శాశ్వత నివాసి) అయితే వీటికి తోడు పీఆర్ కోటా కూడా వేరే ఉంటుంది. లెక్కలు ప్రతి నెలా ఒకటో తారీఖున మారుతుంటాయి.