బొల్లికి సూదుల రోలర్ ఇంట్లో వాడొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. మా అమ్మాయికి 21 ఏళ్లు, మోకాళ్ల మీద, మోచేతుల మీద బొల్లి మచ్చలున్నాయి. టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్ రాస్తున్నా పెద్దగా తేడా లేదు. మైక్రోనీడ్లింగ్ (సన్న సూదులతో చర్మాన్ని గుచ్చడం) చేసి మందు రాస్తే రంగు వస్తుందని వీడియోల్లో చూసి, ఆన్‌లైన్లో డెర్మా రోలర్ తెప్పించుకుంటానంటోంది. చేసుకోనివ్వొచ్చా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు ఆ ఆర్డర్ ఆపించండి. ఈ సూదుల వైద్యం ఉన్నదే, చాలామందికి పనిచేస్తుంది కూడా, కానీ ఇంట్లో చేసుకునేది కాదు. మోకాలు, మోచెయ్యి దగ్గర చర్మం మందం, పైన రాసిన మందు లోపలికి సరిగ్గా దిగదు, అందుకే మత్తు క్రీము రాసి సన్న సూదులతో గుచ్చి, సూదిమొనంత రక్తపు చుక్కలు కనబడగానే ఆపేసి, టాక్రోలిమస్ గానీ 5 శాతం ఫ్లోరోయురాసిల్ గానీ పూస్తారు. సాధారణంగా రెండు వారాలకోసారి, కొన్ని నెలల పాటు. ఫ్లోరోయురాసిల్ అసలు క్యాన్సర్ మందు, పుండ్లు పడొచ్చు, గర్భంతో ఉన్నవాళ్లకి అస్సలు వాడకూడదు, దాన్ని సొంతంగా కొని రాయడం ఎంత ప్రమాదమో మీరే ఆలోచించండి.

నాకు అంతకన్నా పెద్ద భయం ఇంకోటి ఉంది. బొల్లి ఇంకా పాకుతున్న దశలో చర్మానికి గాయమైతే అక్కడే కొత్త మచ్చ లేస్తుంది, దీన్నే కోబ్నర్ అంటాం. అమ్మాయికి గీరుకున్న చోట, చెప్పు పట్టీ ఒరుసుకునే చోట, నడుం దగ్గర బొందు బిగించే చోట తెల్లగా గీతలాగా ఏమైనా వచ్చిందేమో చూడండి. వస్తే సూది జోలికే పోవద్దు, ముందు మందులతోనో లైట్ థెరపీతోనో పాకడం ఆపాలి. కనీసం ఏడాదిగా కొత్త మచ్చ రాకుండా, ఉన్నవి పెరగకుండా ఉంటేనే ఈ పద్ధతి గురించి ఆలోచిస్తాం.

మచ్చ మీద వెంట్రుకలు నల్లగా ఉంటే ఆశ ఎక్కువ, ఎందుకంటే రంగు కణాలు ఎక్కువగా కుదుళ్ల నుంచే వస్తాయి, మొదట మచ్చ మధ్యలో ఆవగింజల్లా గోధుమ రంగు చుక్కలు కనబడతాయి. వెంట్రుకలు కూడా తెల్లబడితే, లేదా వేళ్ల చివర్ల మచ్చలైతే కష్టం. ఇంకోమాట, చేపలూ పెరుగూ కలిపి తినడం వల్ల బొల్లి రాదు, అంటుకోదు కూడా, పిల్లకి తిండి మాన్పించకండి.

స్కిన్ డాక్టర్ దగ్గరికెళ్లేటప్పుడు పోయినేడాది ఫోన్లో తీసిన మచ్చల ఫోటోలుంటే తీసుకెళ్లండి, పెరిగాయో లేదో వాటిలోనే తెలుస్తుంది, బొల్లి ఉన్నవాళ్లలో కొందరికి థైరాయిడ్ సమస్య కూడా ఉంటుంది కాబట్టి ఆ టెస్టు ఇంతవరకు చేయించకపోతే అదీ చేయించండి.