డై మరకను గట్టిగా రుద్దకు బిడ్డా

బిడ్డా,

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. మీ అమ్మ నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోట నల్లటి గీత, చెవుల పైన మచ్చలు, మెడ వెనక కారిన చార. ఇవాళ గురువారం, రిసెప్షన్ ఆదివారం సాయంత్రం. టెన్షన్ పడకు, టైం సరిపోతుంది. ఇన్నేళ్ళు పార్లర్ నడిపినదాన్ని, ఎన్నో నుదుళ్ళు చూశాను. మరక వల్ల చర్మం పాడవడం తక్కువ, దాన్ని వదిలించాలన్న తొందరలో పాడవడమే ఎక్కువ. రెండో ఫోటోలో కుడి కణత దగ్గర ఎర్రగా ఉంది. అక్కడ గట్టిగా రుద్దినట్టున్నావు. ఆ చోట ఇక పీచు, సబ్బు రెండూ వద్దు.

ముందు అమ్మను ఒక మాట అడుగు. దురదగా ఉందా? మంటగా ఉందా? కనురెప్పలు బరువుగా, ఉబ్బినట్టు ఉన్నాయా? నల్ల డైలో చాలావాటిలో పారాఫినైలిన్ డయమైన్ అనే రసాయనం ఉంటుంది, పొట్టిగా పీపీడీ అంటారు. అది కొందరికి పడదు. ఏళ్ళ తరబడి అదే డై వేసుకున్నవాళ్ళకి కూడా ఒక్కోసారి ఉన్నట్టుండి పడకపోవచ్చు, అదీ వేసిన రోజు కాకుండా రెండు మూడు రోజులకు బయటపడవచ్చు. దురద, నీటి పొక్కులు, వాపు ఉంటే ఇంటి చిట్కాలన్నీ ఆపి చర్మం డాక్టరుకు చూపించు. ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా ఆలోచించకుండా 108కి ఫోన్ చెయ్యి. ఇవేవీ లేకపోతే అది ఉత్త మరకే.

ఆ మరక ఎక్కడ ఉందో తెలిస్తే నీకే ధైర్యం వస్తుంది. డైలో రంగుపదార్థం మొదట చిన్న చిన్న అణువులుగా ఉంటుంది. డైతో కలిపే రెండో క్రీమ్ (డెవలపర్)లోని హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిశాక అవి ఒకదానితో ఒకటి ముడిపడి పెద్దవై నల్లబడతాయి. అందుకే కలిపినప్పుడు తెల్లగానో గోధుమరంగులోనో ఉన్న క్రీమ్ కాసేపటికి నల్లగా మారుతుంది. వెంట్రుకలో జరిగేదే చర్మం పైపొరలోనూ జరుగుతుంది. ఆ పైపొరలో ఉండేవి చనిపోయిన కణాలు, రోజూ కొన్ని రాలిపోతూనే ఉంటాయి. అరచేతిలో పండిన గోరింటాకు మెల్లగా వెలిసిపోయినట్టే ఇదీ పోతుంది. నుదుటి మీద చర్మం అరచేతి కంటే పలచన కాబట్టి ఇంకా త్వరగానే పోతుంది. మనం చేసేదల్లా ఆ రాలే పొరను కాస్త మెత్తబరచడమే.

దానికి కొబ్బరి నూనెను మించింది నాకు కనిపించలేదు. రాత్రి పడుకునే ముందు దూదిని నూనెలో ముంచి మరక మీద అద్దు, రుద్దకు. ఇరవై నిమిషాలు అలాగే వదిలెయ్యి. తర్వాత గోరువెచ్చని నీళ్ళలో తడిపి పిండిన మెత్తటి నూలు గుడ్డతో జుట్టు వైపు నుంచి కిందికి తుడువు. గుడ్డకు గోధుమరంగు అంటుకుంటుంది, అంటే పని జరుగుతున్నట్టే. మళ్ళీ పలచగా నూనె రాసి, పాత గలీబు వేసిన దిండు మీద పడుకోమను. పొద్దున ముఖం కడిగేటప్పుడు బోరు నీళ్ళు వద్దు. మీ అపార్ట్‌మెంట్ నీళ్ళకు సబ్బు నురగ రాక తెట్టు కడుతుంది, ఆ తెట్టు చర్మం మీద మిగిలి ఇంకా పొడిబారుస్తుంది. మంజీరా నల్లా నీళ్ళు పట్టి ఉంచుకో. ఇలా పొద్దున, రాత్రి చేస్తే చాలు. మేకప్ తీసే నూనె కానీ మైసెల్లార్ వాటర్ కానీ ఇంట్లో ఉంటే అవీ బాగా పనిచేస్తాయి, కళ్ళలో పడకుండా చూసుకో.

మెడ వెనక చర్మం కొంచెం మందం కాబట్టి అక్కడ శనగపిండిని నూనెలో కలిపి వేలి కొసలతో మెల్లగా నలుగు పెట్టొచ్చు. నుదుటికి మాత్రం అదీ వద్దు.

నీ ఫ్రెండ్స్ చెప్పిన నిమ్మకాయ సంగతి. ఆ రసం చర్మం మీద ఉండగా ఎండ తగిలితే బొబ్బలెక్కి, డై మరక కంటే ఎక్కువ కాలం ఉండే నల్ల మచ్చలు పడతాయి. మన హైదరాబాద్ ఎండలో ఆ పని అసలే వద్దు. వంట సోడా, టూత్‌పేస్ట్ ముఖం మీద మంట పుట్టిస్తాయి. నెయిల్ పాలిష్ రిమూవర్‌ను గోళ్ళకే వాడాలి, అదీ స్టవ్‌కు దూరంగా, కిటికీ తెరిచి. బాత్రూం కడిగే యాసిడ్, బ్లీచింగ్ ఒంటి దగ్గరికే రానివ్వకు. ఏదైనా పార్లర్‌కు వెళ్తే ఫేస్ బ్లీచ్ చేస్తే పోతుంది అంటారు. ఒప్పుకోకు. అందులోనూ పెరాక్సైడ్, అమ్మోనియా ఉంటాయి, రుద్ది రుద్ది కందిన చర్మం మీద పడితే కాలుతుంది.

ఆదివారానికి లేత నీడలాగా మిగిలితే అమ్మ రంగుకు సరిపోయే కన్సీలర్ చిన్నగా అద్ది, పైన పౌడర్ వెయ్యి. నూనె జిడ్డు పూర్తిగా పోయాకే వెయ్యాలి, లేకపోతే నిలవదు. కణత దగ్గర ఎర్రదనం తగ్గకపోతే అక్కడ మేకప్ వద్దు, రెండు వెంట్రుకలు ముందుకు దించి దువ్వు. పాపిట్లో కుంకుమ పెట్టేచోట చర్మం కంది ఉందేమో కూడా చూడు. గోళ్ళ మరక మాత్రం గోరు పెరిగితేనే పూర్తిగా పోతుంది, అమ్మ ఇష్టపడితే రంగు వేసెయ్యి.

వచ్చేసారి డై వేసే ముందు నుదుటి అంచు, చెవులు, మెడ వెనక వేలు వెడల్పున వాజిలిన్ రాయి. వెంట్రుకలకు అంటనివ్వకు, అంటితే అక్కడి తెల్ల వెంట్రుకలకు రంగు పట్టదు. పక్కన తడిగుడ్డ పెట్టుకుని, చర్మం మీద పడ్డ బొట్టు నల్లబడేలోపే తుడిచెయ్యి. సగం విద్య ఇదే. ఎండాకాలంలో కూలర్ ముందు కూర్చోబెట్టు, లేకపోతే చెమటతో పాటు డై కూడా కిందికి కారుతుంది. పెట్టె కొత్తదైనా పాతదైనా 48 గంటల ముందు చెవి వెనక చుక్క వేసి చూడటం మానొద్దు. నల్ల మెహందీ ఆకుపొడే కదా అని నమ్మకు. ఉత్త గోరింటాకు ఎర్రగానే పండుతుంది, అరగంటలో నల్లబరిచే పొడిలో సాధారణంగా పీపీడీ కలిసి ఉంటుంది. కనుబొమ్మలకు ఏ డై వద్దు, పెట్టె మీదే ఆ హెచ్చరిక ఉంటుంది.

కలపగా మిగిలినదాన్ని సీసాలో పోసి మూత పెట్టకు, గ్యాస్ పుట్టి పగలొచ్చు. పారబొయ్యి. వాడని ప్యాకెట్లు నీ బాబుకు అందనంత ఎత్తులో, తాళం వేసే అరలో పెట్టు. డై కడుపులోకి పోతే గొంతు వాచిపోతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి, ప్రాణం మీదికి వస్తుంది. ఈ ఒక్కటి ఇవాళే చెయ్యి.

మీ పెద్దమ్మ