51వ కీర్తన దగ్గర కొన్నాళ్లు ఆగు

అమ్మడూ,

ప్రభువు నామంలో నీకు శుభములు. ఏడాదిలో బైబిల్ పూర్తి చేయాలని మొదలుపెట్టి లేవీయకాండం దగ్గర ఆగిపోయానని, చదివినా మనసులో ఏమీ కదలడం లేదని రాశావు. అధ్యాయాలు వెనకబడ్డాయని టెన్షన్ పడకు. ఈస్టర్‌కు ముందు వచ్చే ఈ శ్రమల దినాల్లో 51వ కీర్తన ఒక్కటే చదువు. దావీదు రాజు తన పాపం ఒప్పుకుని చేసిన ప్రార్థన అది, 19 వచనాలే.

అయితే ముందు సమూయేలు రెండో గ్రంథం 11, 12 అధ్యాయాలు చదవాలి. బత్షెబ విషయంలో పాపం చేసి, ఆమె భర్త ఊరియాను యుద్ధంలో చంపించిన దావీదు దగ్గరికి నాతాను ప్రవక్త వచ్చాడు. పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను ధనవంతుడు లాక్కున్న కథ చెప్పాడు. దావీదు మండిపడి, వాడు చావాల్సిందే అన్నాడు. "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు నాతాను. మనం కూడా ఎవరెవరినో తలుచుకుంటూ వాక్యం చదువుతాం. అది మనవైపు తిరిగిన చోట పుస్తకం మూసేయకు తల్లీ.

"నాయందు శుద్ధహృదయము కలుగజేయుము" అనే 10వ వచనం మన ఇళ్లలో గోడల మీద కనిపిస్తుంది. దావీదు ఆ మాట అడిగింది, తన పాపం ఎప్పుడూ తన ఎదుటే ఉందని 3వ వచనంలో ఒప్పుకున్నాకే. కొత్త సంవత్సరం ఆరాధనలో వాగ్దాన వాక్యం తీసుకోవడం మంచిదే, కానీ వాగ్దానాలే ఏరుకుంటూ చదివితే మనసు మారదు. 7వ వచనంలో హిస్సోపు అనే మొక్క పేరు చెప్తాడు చూడు, కుష్ఠు నయమైనవాణ్ణి శుద్ధి చేయడానికి అది వాడేవారని లేవీయకాండం 14లో ఉంది. నీకు విసుగనిపించిన పుస్తకమే ఇక్కడ పనికొస్తుంది.

పైకి చదువు. మన బైబిల్‌ది గ్రాంథిక భాష, కళ్లతో చదివితే జారిపోతుంది. ఏ వచనమైనా గుచ్చితే ఆ రోజుకు అక్కడే ఆగి, దాన్నే నీ మాటల్లో ప్రార్థించు. కన్నీళ్లు రాలేదని బాధపడకు. ఇంకొకరు చేసిన గాయానికి నిన్ను నువ్వు తిట్టుకోవడానికి మాత్రం ఈ కీర్తన వాడకు. అలాంటి రోజు 13వ కీర్తన తెరువు. ఇంకా ఎన్నాళ్లని అక్కడ దావీదు దేవుణ్ణే అడుగుతాడు.

మత్తయి 5లో ప్రభువు అర్పణను బలిపీఠం ముందే ఉంచి, ముందు వెళ్లి సహోదరునితో సమాధానపడమన్నాడు. అక్కతో నీకు మాటలు లేవని నాకు తెలుసు. ఈస్టర్‌కు అందరూ ఇంటికి చేరకముందే తనకు ఫోన్ చెయ్యి, అందరి ముందు మొదలుపెట్టడం మీ ఇద్దరికీ కష్టం.

ప్రేమతో,
పెద్దమ్మ