పక్షవాతం తర్వాత చేతికి ఆక్యుపేషనల్ థెరపీ: ఎవరిని కలవాలి, ఏం అడగాలి?

మీ నాన్నగారు పక్షవాతం తర్వాత ఫిజియోథెరపీతో నడుస్తున్నారు గానీ కుడిచేత్తో అన్నం తినలేకపోతున్నారు, చొక్కా వేసుకోలేకపోతున్నారు అని మీరు రాశారు. డాక్టరుగారు ఆక్యుపేషనల్ థెరపిస్టును కలవమన్నది అందుకేనండీ. స్నానం, బట్టలు, భోజనం, బాత్రూం లాంటి రోజువారీ పనులు మళ్ళీ సొంతంగా చేసుకునేలా చెయ్యడమే వాళ్ళ పని. ఫిజియో మానక్కర్లేదు, రెండూ కలిసి నడవాలి.

మంచి థెరపిస్టు మొదటిరోజే వ్యాయామాలు మొదలుపెట్టరు. ముందు ఆయన చేత పనులు చేయించి చూస్తారు. అన్నమే తీసుకోండి. పప్పన్నం కలిపి ముద్ద చెయ్యాలంటే బొటనవేలు మిగతా వేళ్ళకు ఎదురుగా రావాలి, మణికట్టు కాస్త పైకి లేచి నిలవాలి, చెయ్యి నోటిదాకా వెళ్ళాలి. వీటిలో ఏది ఆగిపోతోందో కనిపెట్టి, అక్కడినుంచి సాధన పెడతారు. ఈలోగా పిడికి మెత్తటి గుడ్డ చుట్టి లావు చేసిన చెంచా ఇస్తారు. చొక్కా వేసుకునేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు బాగున్న చెయ్యి ముందు. ఈ ఒక్క వరస అలవాటైతే చాలామందికి సగం ఇబ్బంది తీరుతుంది.

ఇళ్ళల్లో సాధారణంగా చెడేది పిసకమని చేతికిచ్చే మెత్తటి బంతి దగ్గర. వేళ్ళు ముడుచుకుపోయి బిగుసుకున్న చేతికి కావలసింది తెరుచుకోవడం. బంతి పిసికిస్తే ముడిచే కండరాలకే పని పెరుగుతుంది. థెరపిస్టు చూసేదాకా అది పక్కన పెట్టండి. ఆయన్ని లేపేటప్పుడు ఆ చెయ్యి పట్టుకుని లాగొద్దు, భుజం కీలు జారుతుంది. తలపైన కప్పీకి తాడు వేసి చెయ్యి ఎత్తించడం కూడా వద్దు, భుజం నొప్పి పట్టుకుంటుంది. స్ప్లింటు (చేతిని సరైన తీరులో నిలిపి ఉంచే పట్టీ) ఇస్తే మొదట్లో కాసేపే పెట్టి తీసి చర్మం చూడండి. ఎర్రటి గుర్తు 20 నిమిషాలైనా పోకపోతే వాళ్ళ చేతే సరిచేయించాలి, మీరు వంచే ప్రయత్నం చెయ్యొద్దు.

థెరపిస్టును వెతకడం, ఆయన్ని చూసిన న్యూరాలజీ డాక్టరు దగ్గరే మొదలుపెట్టండి. రిఫరల్ రాయించుకుని పెద్దాసుపత్రి ఫిజికల్ మెడిసిన్ అండ్ రిహాబిలిటేషన్ (పునరావాస చికిత్స) విభాగంలో అడగండి. మన ఊళ్ళల్లో కనిపించే థెరపీ సెంటర్లలో ఎక్కువ పిల్లలవే, కాబట్టి పక్షవాతం వచ్చిన పెద్దవాళ్ళను చూస్తారా అని ఫోన్‌లోనే తేల్చుకోండి. బీఓటీ (ఆక్యుపేషనల్ థెరపీలో డిగ్రీ) గానీ ఎంఓటీ (అందులోనే పీజీ) గానీ చదివారా అని మొహమాటం లేకుండా అడగండి. బీఓటీయే నాలుగేళ్ళకు పైబడిన డిగ్రీ, కొద్దినెలల సర్టిఫికెట్ కోర్సు దానికి సాటి రాదు. ఆల్ ఇండియా ఆక్యుపేషనల్ థెరపిస్ట్స్ అసోసియేషన్‌లో నమోదు ఉందా అనీ అడగొచ్చు. తర్వాత "నెలలో ఏ పని సొంతంగా చేసుకోగలరని అనుకుంటున్నారు?" అనండి. "చొక్కా బొత్తాలు" అనో "చెంచాతో భోజనం" అనో ఒక పని పేరు చెప్పేవాళ్ళను నమ్మొచ్చు. "చూద్దాం, బలం వస్తుంది" అని ఊరుకుంటే ఇంకొకరిని చూడండి.

దూరమైతే రోజూ తిప్పక్కర్లేదు. వారానికోసారి చూపించి, ఇంట్లో చేయించే పద్ధతి మీరు నేర్చుకుని రావచ్చు.

వెళ్ళేముందు ఆయన తినడం, మంచం మీంచి లేవడం ఫోన్‌లో వీడియో తియ్యండి. బాత్రూం తలుపు వెడల్పు, కమోడ్ ఎత్తు టేపుతో కొలిచి రాసుకోండి. పట్టుకునే రాడ్ ఎక్కడ బిగించాలో వాళ్ళు చెప్తారు. అప్పటిదాకా టవల్ ఆరేసే రాడ్‌ను పట్టుకోనివ్వకండి, అది మనిషి బరువు ఆపదు.