పేరు చెప్పకపోయినా ఫోన్ మనల్ని ఎలా పట్టేస్తుంది?

ప్రశ్న: నమస్తే అండి. మాది నాలుగెకరాల రొయ్యల చెరువు. నేను ఫోన్‌లో ఎక్కడా పేరివ్వను, ఫేస్‌బుక్ కూడా లేదు. అయినా ఏది తెరిచినా చెరువులో గాలి కలిపే ఏరియేటర్లు, మేత, చెరువు మందుల యాడ్సే. నేను రొయ్యల రైతునని వీళ్ళకెవరు చెప్పారండి? ఫోన్ మన మాటలు వింటోందంటాడు మా బావమరిది.
– ఒక రైతు, భీమవరం దగ్గర

జవాబు: ఆయ్, మీ బావమరిది మాట అలా ఉంచండి, అసలు వినాల్సిన అవసరమేముంది యాడ్ కంపెనీలకి? మీ ఫోన్‌లో ఒక రోజు ఎలా గడుస్తుందో నేను ఊహించి చెప్తా, తప్పయితే తిట్టుకోండి. తెల్లారుజామున మూడింటికి చెరువులో ఆక్సిజన్ ఎంతుండాలని వెతుకుతారు, రొయ్య పైకి తేలేది ఆ టైంలోనే కదా. పొద్దున్నే 30 కౌంట్ (కిలోకి 30 తూగే రొయ్య) ఎంత, 100 కౌంట్ ఎంత అని రేట్లు, ఆ తర్వాత తెల్లమచ్చ రోగం ఫోటోలు, మధ్యాహ్నం పాలకొల్లులో ఏదో ఫంక్షన్ హాలు, రాత్రికి కువైట్ టికెట్ ధర. విడివిడిగా చూస్తే ఏమీ లేదు, కౌంట్ రేటు చూసేవాళ్ళు జిల్లా అంతా ఉంటారు, ఫంక్షన్ హాలు చూసేవాళ్ళకి లెక్కే లేదు, కానీ ఇవన్నీ ఒకే ఫోన్‌లో, ఆ టైముల్లో, భీమవరం చుట్టుపక్కల నుంచి చూసేవాళ్ళు ఎంతమంది మిగుల్తారు చెప్పండి? మీరొక్కరే మిగిలినా ఆశ్చర్యం లేదు. పేరు తెలియకపోతే వాళ్ళకి పోయిందేం లేదు, మీ ఫోన్‌కి ఒక నంబర్ తగిలించేస్తారు.

బ్రౌజర్‌లో ఆ నంబర్ దాచుకునే చిన్న ఫైలే కుకీ. 1994లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీ ఇంజనీర్ లూ మోంటుల్లీ తయారుచేశాడు, బుట్టలో ఏం వేసుకున్నామో షాపింగ్ సైటుకి గుర్తుండాలని, పాపం మంచి ఉద్దేశమే. యాడ్ కంపెనీల చేతిలో పడేసరికి కథ మారిపోయింది. రొయ్య రేట్ల సైటులోనూ పంచాంగం సైటులోనూ ఒకే కంపెనీ యాడ్స్ ఉంటే రెండు చోట్లా వచ్చింది మీరేనని దానికి తెలిసిపోతుంది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లా వాళ్ళు 52 వేల మంది ఫైర్‌ఫాక్స్ యూజర్లని అడిగి, వాళ్ళు ఒప్పుకున్నాకే ఏయే సైట్లు చూస్తున్నారో తీసుకుని పరిశీలించి 2020లో వివరాలు బయటపెట్టారు, అందులో 99 శాతం లిస్టులు ఒకదానిలాగ ఇంకోటి లేవు.

ఇంకా పాతది ఒకటుంది. 2006లో అమెరికాలో ఏఓఎల్ అనే ఇంటర్నెట్ కంపెనీ దాదాపు ఆరున్నర లక్షల మంది మూడు నెలల పాటు వెతికినవన్నీ, పేర్లు తీసేసి నంబర్లు పెట్టి, పరిశోధకులకి పనికొస్తుందని నెట్‌లో పెట్టేసింది. 4417749 నంబర్ మనిషి ఏం వెతికారయ్యా అంటే లిల్‌బర్న్ ఊళ్ళో తోటపని చేసేవాళ్ళు, వేళ్ళ తిమ్మిరి, ఎక్కడపడితే అక్కడ ఉచ్చ పోసే కుక్క, తన ఇంటిపేరున్న మనుషులు. న్యూయార్క్ టైమ్స్ విలేకరులు ఇవి పట్టుకుని నేరుగా ఆవిడ ఇంటికే వెళ్ళిపోయారు, 62 ఏళ్ళ పెద్దావిడ. నాకు ఇందులో బాగా నచ్చింది వేరే ముక్క, ఆ లిస్టులో బోలెడు జబ్బులున్నాయి, చూసినవాళ్ళు ఈవిడ ఎన్నాళ్ళో బతకదనుకుంటారు, తీరా అడిగితే అవన్నీ స్నేహితుల జబ్బులట, వాళ్ళ కోసం వెతికి పెట్టింది. అంటే మనిషిని కరెక్టుగా పట్టుకున్నారు గానీ ఆ మనిషి సంగతి తప్పుగా చదివేస్తారన్నమాట. మీ ఫోన్ మీ మనవడు కూడా వాడుతున్నాడనుకోండి, మీకు బొమ్మ కార్ల యాడ్స్ కూడా వస్తాయి, చూస్తూ ఉండండి.

తగ్గించుకోవాలంటే క్రోమ్ సెట్టింగ్స్‌లో థర్డ్ పార్టీ కుకీలు (మీరు చూసే సైటువి కాక యాడ్ కంపెనీల్లాంటి బయటివాళ్ళు పెట్టేవి) ఆపేయండి, ఆండ్రాయిడ్ అయితే ఫోన్ సెట్టింగ్స్‌లో యాడ్స్ అని ఉంటుంది, అక్కడ అడ్వర్టైజింగ్ ఐడీ, అంటే యాడ్స్ కోసం ఫోన్‌కి తగిలించిన నంబర్, డిలీట్ చేయండి. పూర్తిగా ఆగిపోవు, అది ముందే చెప్తున్నా.

ప్రశ్న: కాకినాడలో హాస్టల్‌లో ఉంటున్నాను సార్. ఇన్‌కాగ్నిటోలో చూస్తే వైఫై వాళ్ళకి తెలుస్తుందా?
– అమలాపురం అమ్మాయి

జవాబు: తెలుస్తుందమ్మా. ఇన్‌కాగ్నిటో నీ ఫోన్‌లో హిస్టరీ మిగల్చదు, అంతవరకే దాని పని. అడ్రస్‌లో హెచ్‌టీటీపీఎస్ ఉంటే లోపల ఏ పేజీ చదివావో, ఏం టైప్ చేశావో వైఫై వాళ్ళకి కనపడదు, ఏ సైటుకి వెళ్ళావో మాత్రం చాలావరకు తెలుస్తుంది. ఆ సైట్లకీ తెలుస్తుంది. ఇన్‌కాగ్నిటోలో చూసినవి కూడా పోగేస్తోందని 2020లో అమెరికాలో గూగుల్ మీద కేసు వేస్తే 2024లో రాజీకొచ్చి వందల కోట్ల రికార్డులు తుడిచేస్తామని ఒప్పుకుంది.

ప్రశ్న: మా అబ్బాయి మస్కట్‌లో ఉంటాడండి. పండక్కొచ్చినప్పుడు నాకు ఫోన్ కొని తన జీమెయిలే పెట్టి ఇచ్చాడు. ఇప్పుడు గూగుల్ నొక్కితే నేను వెతకనివి వస్తున్నాయి, కిడ్నీలో రాయి నొప్పి అని, పని పోతే టికెట్ ఎవరిస్తారు అని. అడిగితే అంతా బానే ఉందమ్మా అంటాడు. నిద్ర పట్టట్లేదండి.
– ఒక తల్లి, రాజోలు

జవాబు: రెండు ఫోన్లలో ఒకే అకౌంట్ ఉంది కాబట్టి వాడు వెతికినవి మీకొస్తున్నాయమ్మా, మీరు వెతికినవీ వాడికి కనపడుతుంటాయి. పైన చెప్పిన పెద్దావిడ సంగతి చదివారు కదా. గల్ఫ్‌లో ఒక్కో రూములో ఎంతమంది ఉంటారో మీకు తెలియంది కాదు, ఇంగ్లీషు టైపింగ్ వచ్చిన కుర్రాడు ఒక్కడుంటే అందరి కష్టాలూ ఆ ఒక్క ఫోన్‌లోనే వెతుకుతారు. నొప్పి మీ వాడిదే కావచ్చు, పక్క మంచం వాడిదీ కావచ్చు, ఆ లిస్టు చూసి మీరూ నేనూ తేల్చలేం. గుచ్చి గుచ్చి అడక్కుండా, ఒరే నువ్వు వెతికినవి నా ఫోన్‌లో పడుతున్నాయిరా అని ఉన్నదున్నట్టు చెప్పేయండి, అప్పుడు వాడే చెప్తాడు. ఆ తర్వాత తెలిసిన కుర్రాళ్ళెవరి చేతైనా మీ పేరు మీద కొత్త జీమెయిల్ పెట్టించుకోండి. వాడి అకౌంట్ తీసేముందు కాంటాక్టులు కొత్తదాంట్లోకి మార్పించుకోండి, లేకపోతే నంబర్లు పోతాయి.